జంగు తినే చెరకు మడ్డి

పాత వ్యాన్‌ని ఇల్లుగా మార్చుకుందామనుకునేవాళ్లకు ముందుగా వచ్చే ఆలోచనలు మంచం ఎటు వేయాలి, పొయ్యి ఎక్కడ పెట్టాలి, లైట్లు ఏ రంగువి తేవాలి అనే. నన్నడిగితే ముందు నేల మీది రబ్బరు షీటు లేపి చూడమంటాను బిడ్డా. బండి ఆయుష్షు ఎంతో ఆ షీటు కింద తేలిపోతుంది.

మా అల్లుడు ఈమధ్య ఇలాగే ఇల్లుగా మార్చుకుందామని ఒక పాత మెటాడోర్ వ్యాన్ కొన్నాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ఏళ్ల తరబడి పసుపు బస్తాలు మోసిన బండి. ఆ తర్వాత బోధన్ దగ్గర చెరకు తోట పక్కన ఒక రేకుల షెడ్డులో పడి ఉంది. 1958లో మొదలైన బజాజ్ టెంపో కంపెనీ తయారీ అది. ఆ కంపెనీయే ఇప్పుడు ఫోర్స్ మోటార్స్. ఒకప్పుడు మన ఊళ్లల్లో పెళ్లివారు ఎక్కినా, పాలక్యాన్లు ఎక్కినా, బడిపిల్లలు ఎక్కినా మెటాడోరే. ఇంజను తిరుగుతోంది, గేర్లు పడుతున్నాయి. షీటు లేపితే మాత్రం అతుకుల సందుల్లో పసుపు పొడి ఇంకా పచ్చగానే ఉంది, దాని కింద జంగు పొరలు పొరలుగా లేచి ఉంది. వెనక చక్రం పైభాగంలో బొటనవేలితో నొక్కితే రేకు విరిగి వేలు అవతలికి పోయింది.

"తాతా, గిదంత జంగే గదా. పాత సామానోళ్లకు తూకానికి ఏస్తె అయిపోతది" అంది మనుమరాలు.

తూకానికి వేసే ముందు జంగు అంటే ఏమిటో తెలుసుకుందాం రా అన్నాను. ఇనుము సంగతి పరాయివాళ్లు వచ్చి చెప్పాల్సిన జిల్లా కాదు మనది. ఇక్కడి కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. ఆ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములను కళ్లారా చూసి రాసుకున్న వివరం 1832లో అచ్చయింది. ఆ కమ్మరులు చేసిన పని ఏమిటంటే, రాయిలో ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఇనుమును బొగ్గు వేడితో విడదీయడం. అలా బలవంతంగా విడదీసిన ఇనుము వీలు దొరికితే మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోవాలని చూస్తుంది. ఆ వీలు కల్పించేది నీళ్లు. ఎండిన గాలిలో ఇనుము ఎన్నాళ్లయినా మెరుస్తూనే ఉంటుంది. తడి తగిలితేనే జంగు పుడుతుంది.

దీనికి ఇంట్లో చేసుకునే ప్రయోగం ఒకటి ఉంది. ఒక ఇనుప రేకు ముక్కను ఎమిరీ పేపరుతో మెరిసేదాకా రుద్దు. చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ల చుక్క ఒకటి దాని మీద పెట్టి, కదిలించకుండా కొన్ని గంటలు వదిలెయ్. జంగు చుక్క అంతటా ఒకేలా రాదు. అంచు శుభ్రంగా ఉంటుంది. లోపల గోధుమరంగు వలయం కనపడుతుంది. తుడిచి భూతద్దంతో చూస్తే, రేకు నిజంగా కరిగిపోయింది చుక్క నడిమధ్యలో. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ 1920లలో ఈ చుక్కనే పరిశీలించి లోహాలు ఎలా పాడవుతాయో లోకానికి విప్పి చెప్పాడు. చుక్క అంచున నీటి పొర పల్చన కాబట్టి అక్కడికి గాలిలోని ఆక్సిజన్ సులువుగా చేరుతుంది. మధ్యలోకి అంతగా చేరదు. ఈ తేడా చాలు, ఒకే రేకు మీద చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆక్సిజన్ ఎక్కువున్న అంచు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఆక్సిజన్ తక్కువున్న మధ్యభాగం వాటిని ఇస్తుంది. ఇచ్చిన చోట ఇనుము కరిగిపోతుంది.

ఇది పట్టుకుంటే పాత బండి గుట్టంతా తెలిసిపోతుంది. గాలి ఆడని చోట ఇనుము భద్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. కొంచెం తడి ఉంటే జరిగేది దానికి వ్యతిరేకం. షీటు కింద, బురద పెళ్లల వెనక, రెండు రేకుల అతుకు మధ్య, పసుపు పొడి పేరుకున్న సందులో తడి నిలుస్తుంది, గాలి తక్కువగా ఆడుతుంది, సరిగ్గా అక్కడే జంగు రేకును తినేస్తుంది. పైగా జంగుకు ఇనుము కంటే రెట్టింపుకు మించిన చోటు కావాలి. అందుకే అతుకు లోపల పుట్టిన జంగు రెండు రేకులనూ విడదీసి, రంగును బుడగలుగా లేపుతుంది. ఆ బుడగ మీద లప్పం పూసి, రంగు కొట్టి, కొత్త రెక్సిన్ వేసి అమ్మేవాళ్లున్నారు. మెరిసే బండి కంటే జంగు కనపడే బండినే నేను కొనమంటాను. అందులో జబ్బు ఎంతవరకు పాకిందో కంటికి తెలుస్తుంది.

అల్లుడి మెటాడోర్ కిందికి సుత్తె పట్టుకొని దూరి చాసీ పొడుగునా తట్టాం. గట్టి ఇనుము ఖంగుమంటుంది. జంగు తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది, పెళ్లలుగా రాలుతుంది. చాసీ రెండు దూలాలూ ఖంగుమన్నాయి. పోయింది నేల రేకు, చక్రాల పై గూళ్లు, వెనక తలుపు కింది అంచు. ఇవన్నీ కోసి కొత్తవి అతికించుకోవచ్చు. అందుకే తూకానికి వేయలేదు.

పెద్ద రేకులు సరే, డెంటింగ్ చేసే ఆయన గ్రైండరు పట్టి గీకుతాడు. మరి తలుపు బందులు, బోల్టులు, బ్రాకెట్లు, సీటు పట్టాలు? మూలమూలల్లో జంగు కూరుకుపోయిన ఈ చిన్న సామాన్లకు గ్రైండరు పనికిరాదు. ఇక్కడే మన బోధన్ నేల చేతికి మందు ఇచ్చింది. అదే చెరకు మడ్డి, మొలాసిస్.

చెరకు రసాన్ని కాచి చక్కెర పలుకులు కట్టించాక, ఇక పలుకు కట్టనని మొండికేసి మిగిలిన నల్లటి చిక్కని ద్రవమే మొలాసిస్. నూరు కిలోల చెరకు ఆడితే నాలుగు కిలోలకు కాస్త పైగా మడ్డి, ముప్ఫై కిలోల పిప్పి, పది కిలోల చక్కెర వస్తాయి. ఈ చెరకు ఇక్కడికి ఎలా వచ్చిందంటే, 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు మంజీర నది నీళ్లను ఈ పొలాల్లోకి తెచ్చింది. ఆ ప్రాజెక్టు వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ నీళ్లతో చెరకు పెరిగింది, ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చిమ్నీ ఆగిపోయినా నా వయసువాళ్ల ముక్కుల్లో ఆ కమ్మటి, పులిసిన మడ్డి వాసన ఇంకా ఉంది. మూతపడిన ఆ ఫ్యాక్టరీ గురించి మాట్లాడితే ఇక్కడ కళ్లు తడవని ఇల్లు తక్కువ.

మడ్డితో జంగు వదిలించే పద్ధతి చాలా తేలిక. ప్లాస్టిక్ డ్రమ్ములో ఒక వంతు మొలాసిస్, తొమ్మిది పది వంతుల నీళ్లు. జిడ్డు, గ్రీజు ముందే డీజిలుతో కడిగేసి, జంగు సామాన్లను పూర్తిగా మునిగేలా వేయాలి. సగం తేలితే నీటిమట్టం దగ్గర గాడి పడుతుంది. నీటి చుక్క ప్రయోగం గుర్తుంటే ఎందుకో నువ్వే చెప్పగలవు. వారం నుంచి మూడు వారాలు పడుతుంది. ఎండాకాలం తొందరగా అవుతుంది, చలికాలం నిదానం. రెండు మూడు రోజులకే నురగ లేచి పులిసిన వాసన కొడుతుంది, కాబట్టి డ్రమ్మును వంటింటికి దూరంగా, పిల్లలకూ పశువులకూ అందకుండా పెట్టాలి. మూత బిగించొద్దు, పులుస్తున్నప్పుడు గ్యాసు పుడుతుంది. తీసినప్పుడు సామాను నల్లటి జిగటతో వస్తుంది. గట్టిగా నీళ్లు కొట్టి బ్రష్‌తో రుద్దితే కింద బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. తలుపు బందు మీద కంపెనీ అచ్చు వేసిన అంకెలు జంగు కింద ఇన్నేళ్లుగా మూసుకుపోయి ఉన్నాయి. మడ్డిలోంచి తీసి కడిగాక ఒక్కొక్కటీ చదువుకోగలిగాం. మనుమరాలు ఆ అంకెలను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

తీపి పదార్థం జంగును ఎలా తింటుంది? మొలాసిస్‌లోనూ, అది పులిసినప్పుడూ రకరకాల సేంద్రియ ఆమ్లాలు, వాటి బంధువులైన అణువులు ఉంటాయి. జంగులోని ఇనుప అయాన్‌ను ఈ అణువులు ఒకేసారి రెండు మూడు వైపుల నుంచి చుట్టి పట్టి నీటిలోకి లాగేస్తాయి. దీన్ని చీలేషన్ అంటారు. జంగు రూపంలో ఉన్న ఇనుము తొందరగా కరుగుతుంది, జంగు పట్టని గట్టి లోహం జోలికి అంతగా పోదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అయితే జంగును నిమిషాల్లో తింటుంది, అదే ఊపులో మంచి ఇనుమునూ తింటుంది. పైగా అప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. అందుకే తొందరపడి బాత్రూములు కడిగే యాసిడ్‌లో బోల్టులు ముంచొద్దు. అలాగే అల్యూమినియం, జింకు సామాన్లను మొలాసిస్‌లో వేయొద్దు, పాడవుతాయి. బ్రేకు, స్టీరింగు, కమాన్ పట్టీల సామాన్లయితే ఏ ద్రావణంలోనూ వేసి బాగు చేసుకోవద్దు, కొత్తవే కొనాలి. అక్కడ పొదుపు చూపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక ముఖ్యమైన మాట. కడిగిన ఇనుము బట్టల్లేని బిడ్డ. గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది. కడిగిన వెంటనే ఎండలో ఆరబెట్టి, ఆ పూటే ప్రైమర్ కొట్టెయ్యాలి. ఇంకో సంగతి, మొలాసిస్ అమ్మకం, నిల్వ మీద ఎక్సైజ్ ఆంక్షలు ఉంటాయి, ఎందుకో చెప్పనక్కర్లేదు. పశువుల దాణాకు అమ్మేది బిల్లుతో తెచ్చుకోండి, డ్రమ్ములకు డ్రమ్ములు నింపి ఇంట్లో పెట్టుకోకండి.

నేల రేకు వెల్డింగుకు ముందు డీజిలు ట్యాంకు దించి, బ్యాటరీ తీగలు విప్పించాం. కొత్త రేకు అతికించాక అల్లుడు దాని మీద నున్నగా ప్లైవుడ్ బిగించేద్దామన్నాడు. ఆగమన్నాను. తయారైనప్పుడు ఆ బండికి తలుపుల అడుగున, నేల మూలల్లో చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయి, నీళ్లు దిగిపోవడానికి. అవన్నీ మట్టితో, పసుపుతో పూడిపోయి ఉన్నాయి. కొత్త రేకులోనూ ఆ రంధ్రాలు పెట్టించాం. బండిలోకి నీళ్లు రాకుండా ఎవరూ పూర్తిగా ఆపలేరు. వచ్చిన నీళ్లు పోయే దారి ఉందా లేదా అన్నదే లెక్క.

ఇక ఎండ. మెటాడోర్ పైకప్పు సుమారు ఆరు చదరపు మీటర్లు. మే నెల మిట్టమధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు ఒక కిలోవాటు ఎండ పడుతుంది. అంటే ఆరు కిలోవాట్లు, మూడు పెద్ద గీజర్లు నెత్తి మీద వెలుగుతున్నట్టు లెక్క. కొత్త తెల్లరంగు అందులో మూడు పాళ్లను తిప్పికొట్టి ఒక పాలే లోపలికి తీసుకుంటుంది. ముదురు రంగు దాదాపు అంతా మింగుతుంది. అందుకని ఇల్లుగా మార్చుకున్న ఇలాంటి బండికి, అంటే క్యాంపర్‌కు, నల్లరంగు అందంగా ఉంటుందని ఎవరన్నా చెప్తే వినకండి, మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండల్లో అది శిక్ష.

రంగు తర్వాత అడ్డుగోడ. ఉక్కు రేకు వేడిని థర్మోకోల్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంగా లోపలికి పంపుతుంది. థర్మోకోల్ గొప్పతనం దాని పదార్థంలో లేదు, అందులో బందీ అయిన గాలిలో ఉంది. కదలని గాలి వేడికి మంచి అడ్డు. ఆ లెక్కన మన చెరకు పిప్పీ తక్కువది కాదు. 1920లలో అమెరికాలోని లూసియానాలో చెరకు పిప్పిని వత్తి సెలోటెక్స్ అనే పలకలు చేసి ఇళ్ల కప్పులకు వేశారు. మన ఫ్యాక్టరీల్లో పిప్పి ఎక్కువగా బాయిలర్లలోకే పోతుంది, దాని మంటతోనే రసం కాగుతుంది. అల్లుడికి పిప్పి పలకలు వేయాలని మనసైంది. నా తీర్పు ఇది: ఇంటి కప్పుకు పిప్పి పలక బాగుంటుంది, బండి రేకుకు ఆనించి వేయకూడదు. పిప్పి తడి పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, చెదలు వస్తాయి, ఆ తడి రేకుకు తగిలి మళ్లీ మొదటి కథే. రేకుకు ఆనేది తడి పీల్చని నైట్రైల్ రబ్బరు ఫోమ్ కావాలి, ఏసీ పైపులకు నల్లగా చుట్టేది అదే. సందు లేకుండా అంటించాలి. పిప్పి పలకలు కావాలంటే లోపలి వైపు, అరలకూ అలమారాకూ వాడుకోవచ్చు.

సందు లేకుండా అని ఎందుకన్నానో చెప్తాను. డిసెంబరులో నిజాంసాగర్ కట్ట దగ్గర బండి ఆపి ఇద్దరు పడుకున్నారనుకో. ఊపిరిలోనూ చర్మం నుంచీ మనిషి గంటకు సుమారు 40 గ్రాముల నీళ్లు ఆవిరిగా వదులుతాడు. బండి లోపల తొమ్మిది ఘనమీటర్ల గాలి ఉందనుకుంటే, 20 డిగ్రీల దగ్గర అది మోయగల ఆవిరి మొత్తం 155 గ్రాములే. అందులో సగానికి పైగా మొదటే ఉంటుంది. అద్దాలన్నీ మూసుకుంటే గంట తిరిగేసరికి గాలి నిండిపోతుంది. ఆ తర్వాత వదిలే ప్రతి ఊపిరీ చల్లని రేకు మీద నీటిబొట్టవుతుంది. తెల్లారేసరికి ఇద్దరూ కలిసి అర లీటరు దాకా నీళ్లు వదిలి ఉంటారు. వాన కురవకుండానే బండి లోపలి నుంచి తడుస్తుంది. ఫోమ్‌కూ రేకుకూ మధ్య సందుంటే ఆ ఆవిరి అక్కడికే పోయి దాక్కుంటుంది.

మా చిన్నప్పుడు జాతరకు సవారి కచ్చురంలో, అంటే గూడున్న ఎడ్లబండిలో వెళ్లేవాళ్లం. వరిగడ్డి పరిచి, మీద బొంత వేసి, పైన తడిక గూడు. రెండు కొసలా తెరిచి ఉండేది. తడికలోంచి ఆవిరి బయటికి పోయేది, అందుకే ఆ గూడు ఎన్నడూ చెమర్చలేదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీకి పోయినప్పుడు డేరాలు వెంట తీసుకెళ్లాడు. గుడ్డ డేరాదీ అదే గుణం. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు 1950లో వ్యాన్ మొదలుపెట్టాక, మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ కంపెనీ అందులో పడక, అలమారా అమర్చడం మొదలుపెట్టింది. రేకు పెట్టెలో పడుకోవడం ఆ తర్వాత లోకమంతా పాకింది. రేకు పెట్టెకు తడిక గుణం మనమే తేవాలి. అల్లుడి బండికి కప్పు మీద చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం, నేల దగ్గర దోమతెర కొట్టిన జాలీ పెట్టించాం. చల్లటి గాలి కింద నుంచి వస్తుంది, తడి గాలి పైనుంచి పోతుంది. చలి రాత్రి కూడా ఈ రెండూ మూయొద్దు.

కింది జాలీకి ఇంకో పని ఉంది. వంటగ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, మంచం కింద చేరుతుంది. అది పోయే దారి నేలలోనే ఉండాలి. పొయ్యి వెలిగించిగానీ, కుంపటి పెట్టిగానీ, ఇంజను నడుపుతూగానీ మూసిన బండిలో నిద్రపోవద్దు. బొగ్గూ గ్యాసూ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి అనుకునేలోపే మెలకువ పోతుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ మెత్తగా మాట్లాడను.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1200 వాట్-గంటలు ఉంటాయి, లెడ్ యాసిడ్ రకమైతే సగమే వాడుకోవాలి. 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 200 పోతాయి, దీపాలకు 50. రెండు రాత్రులు హాయిగా గడుస్తాయి. ఇండక్షన్ పొయ్యి మాత్రం అడగొద్దు. 1500 వాట్లను 12 వోల్టుల నుంచి లాగాలంటే 125 ఆంపియర్లు పారాలి, మామూలు తీగ కాలిపోతుంది. ఫ్యూజు బ్యాటరీని ఆనుకొనే ఉండాలి.

బరువైనవన్నీ, అంటే నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, సిలిండరు, నేల మీద, ముందు వెనక చక్రాల మధ్య పెట్టాలి. కప్పు మీద మూటలు కడితే మలుపులో బండి వాలుతుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి: 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైంది. అరగకపోయినా రబ్బరు ముదురుతుంది, పగుళ్లిస్తే తీసేయాలి.

పానా పట్టే ముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి రండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. విప్పి తీసుకోగలిగే మంచం, అలమారా వేరు. కప్పు కోసి ఎత్తు పెంచడం, సీట్లు తగ్గించడం వేరు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే తరగతి మన నిబంధనల్లో ఉంది, అందులోకి మార్చుకోవడానికి ఏమేం కావాలో అక్కడే అడగండి. సొంత బండికి పదిహేనేళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలని కూడా మరవొద్దు.

మీ ఊళ్లో, మీ చుట్టాల షెడ్డులో ఇలాంటి మెటాడోర్ పడి ఉంటే, వాన మొదలయ్యేలోపు ఒక్కసారి షీటు లేపి, సుత్తెతో చాసీ తట్టి చూడండి. ఖంగుమంటే అమ్మకండి, నేలా తలుపులూ బాగు చేసుకుంటే ఆ బండి మీ మనుమలను కూడా తిప్పుతుంది. దూలాలు మొద్దుగా పలికితే మాత్రం మనసు గట్టి చేసుకొని తూకానికి ఇచ్చేయండి. దాన్ని ఏ మడ్డీ బాగుచేయలేదు.